ఆఖరి మెట్రో తర్వాత

తార్నాక మీదుగా ఆఖరి మెట్రో వెళ్ళిపోయాక గానీ
మా గది నిలకడగా ఉండదు.
గాలి దిండ్ల మీద నిలబెట్టిన ఇనుప బల్లకి
ఊరు వేసే ప్రతి అడుగూ తెలుస్తుంది.
ఆటో హారన్లను పట్టించుకోదు గానీ
ఉప్పల్ వైపు ఇసుక లారీ మలుపు తిరిగితే
తెర మీద చుక్కలన్నీ ఉలిక్కిపడతాయి.

లెన్సు మీద ఒక్క చుక్క నూనె.
ఎక్కువైతే కారుతుంది, తక్కువైతే బుడగ.
పదకొండేళ్ళుగా ఇదే నా ఉద్యోగం;
తిరగమోతకి ఏనాడూ ఇంత భయంగా నూనె పోయలేదు.

వెలుతురుకి ఒక మొరటుతనం ఉంది.
వెంట్రుక మందంలో నాలుగువందలో వంతు కన్నా
దగ్గరగా నిలబడ్డ ఇద్దరిని
ఒకరే అనుకుంటుంది.
దాని తప్పేం లేదు,
అలకి తన ఒళ్ళే తనకి అడ్డం.
నూరేళ్ళకి పైగా అద్దాలు సానబట్టినవాళ్ళందరూ
ఈ గీత దగ్గరికొచ్చి ఆగిపోయారు.

దాన్ని దాటే కిటుకు
నేను నుమాయిష్‌లో నేర్చుకున్నాను, తెలియకుండానే.
నాంపల్లి మైదానం, జనవరి చలి,
ఏడేళ్ళ నేను పల్లీల పొట్లంతో తప్పిపోయాను.
అంత జనంలో ఏ మొహమూ మొహం కాదు,
అంతా కలిసి కదిలే ఒకే స్వెటరు.
అప్పుడు మైకు
ఒక్కొక్క పేరూ, ఆగి ఆగి.
"ఎర్ర రిబ్బన్ల పాప, ఆఫీసు దగ్గరుంది."
పిలిచిన పేరు తప్ప తక్కినవన్నీ ఊరుకోవడం.
అంతే.

అణువులన్నిటినీ నిద్రపుచ్చుతాం.
ఏ క్షణానికి ఆ క్షణం ఏ నాలుగో కళ్ళు తెరుస్తాయి,
దూరదూరంగా.
మిణుగురుల్లా అని రాయబోయి ఆగాను:
మిణుగురు రేపూ వెలుగుతుంది.
ఇవి కాసేపు రెప్పలాడించి ఇక తెరవవు.
ప్రతి మెరుపూ మసక మరకే,
కానీ మరకకి నడుమంటూ ఉంటుంది,
దాన్ని లెక్కకట్టొచ్చు.
ముప్పై వేల ఫ్రేములు, ముప్పై వేల హాజరు పట్టీలు.
చూడటమంటే ఖర్చుపెట్టడమని
జీతం లెక్కల్లో కాదు, ఇక్కడ తెలిసింది.

తహూరాకి పీహెచ్‌డీలో నాలుగో ఏడు.
పంతొమ్మిది రోజులు, ఆదివారాలతో సహా,
గాజు బిళ్ళ మీద ఎలుక నరకణాల్ని పెంచింది.
మామూలు మైక్రోస్కోపులో అది నున్నటి తీగ.
కాన్ఫోకల్‌లోనూ తీగే, కాస్త కడిగిన తీగ.

మూడుంపావుకి కంప్యూటరు
చుక్కలన్నీ పేర్చి ముందు పెట్టింది.

తీగ లేదు.
కట్లు. ఒకదాని వెనక ఒకటి,
కొలిచి తొడిగినట్టు, నరం పొడుగునా.

పేపర్లలో చదివిందే.
ఎవరెవరి బొమ్మల్లోనో చూసిందే.
మా నూనె చుక్కలోంచి చూడలేదు.
ఇద్దరం ఏమీ అనలేదు.

సెక్యూరిటీ మొగిలయ్య తలుపు సందులోంచి,
"ఏం గానొస్తంది మేడం?
ఇవి గాజులు గదా" అన్నాడు.

తహూరా నవ్వింది. మధ్యలో ఆపేసింది.
వాళ్ళ ఖాలా లాడ్ బజార్లో
లక్క గాజులకి రాళ్ళు అద్దుతుందట.
చూపు మందగించాక
రాయికీ రాయికీ ఎడం
బొటనవేలి గోటితో తడిమి కొలుస్తుందట.
"గాజుకీ గాజుకీ మధ్య నూట తొంభై నానోమీటర్లని
ఆమెకి ఏ గోటితో చెప్పను?"

కుడి మూలన కట్లు చెదిరి ఉన్నాయి.
ఆ కణం తీరే అంతో,
రెండూ ఇరవైకి వెళ్ళిన లారీయో.
తేల్చుకుందామంటే ఆ చోట
వెలిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.
లాగ్ బుక్కులో పెన్సిలుతో రాశాను:
కుడి మూల నమ్మొద్దు.

లెన్సు తుడిచి, బిళ్ళ మీద తేదీ వేసి,
బయట వరండాలో మొగిలయ్య పోసిన టీ తీసుకున్నాను.
ఆరింటి మెట్రో వచ్చింది.
గ్లాసులో టీ మీద వలయాలు,
ఎన్నో లెక్కపెట్టేలోపు
కలిసిపోయాయి.